మా అమ్మ తిన్న తెలగపిండి మా కోళ్లకెందుకు పడలేదు

ఇంట్లో బాలింత ఉంటే మా వైపు పొయ్యి మీదికి తెలగపిండి ఎక్కాల్సిందే. గానుగలో నువ్వుల నుంచి నూనె పిండేశాక మిగిలే పిండి అది. బజారులో దాన్నే నువ్వుల చెక్క అంటారు. మరుగుతున్న నీళ్లలో రెండు గుప్పెళ్ల మునగాకు వేసి, అది మెత్తబడ్డాక తెలగపిండి జల్లి, నీరంతా ఇగిరి పొడిపొడిగా అయ్యేదాకా కలుపుతూ ఉండి, చివర్లో కచ్చాపచ్చాగా దంచిన వెల్లుల్లి, ఎండుమిరపకాయలతో తాలింపు పెడుతుంది అమ్మ. చెల్లి పుట్టినప్పుడు అమ్మమ్మ అమ్మకి పెట్టింది. 2021 ఆగస్టులో చెల్లి పురిటికి వచ్చినప్పుడు అమ్మ చెల్లికి పెట్టింది. పాలు పడతాయని నమ్మకం.

అదే ఆగస్టులో, కోడిమేతలో ప్రోటీన్ కోసం వేసే సోయా చెక్క (సోయా గింజల నుంచి నూనె తీశాక మిగిలేది) ధర టన్ను ఇంచుమించు లక్ష రూపాయల దాకా పోయింది. కోళ్లు పెంచేవాళ్లెవరూ ఆ నెలని మరిచిపోలేరు. దేశం మొత్తం మీద గోల గోల అయితే కేంద్రం 12 లక్షల టన్నుల సోయా చెక్కని బయటి నుంచి తెప్పించుకోవడానికి అనుమతి ఇచ్చింది. జన్యుమార్పిడి సోయా నుంచి తీసిన చెక్క అయినా సరే అంది. ఆ ఓడలు వచ్చేదాకా నా షెడ్డులో పిల్లలు ఆగవు కదా.

రావులపాలెం నుంచి కొత్తపేట వెళ్లే దారిలో మా ఊరు. కొబ్బరితోట అంచున రెండు షెడ్లు, బ్యాచ్‌కి 2,500 బ్రాయిలర్ పిల్లలు. నేను ఇంటిగ్రేషన్‌లో లేను. అంటే పిల్లా మేతా మందూ కంపెనీ ఇచ్చి, పెంచినందుకు కిలోకి ఇంత అని కూలీ కట్టే పద్ధతిలో లేను. పిల్లల్ని నేనే కొంటాను, మొక్కజొన్న, సోయా, నూకలు, ప్రీమిక్స్ (విటమిన్లు, ఖనిజాల మిశ్రమం) తెచ్చుకుని మిక్సర్‌లో మేత నేనే కలుపుకుంటాను. లాభం వస్తే నాదే, నష్టం వస్తే నాదే. బ్రాయిలర్ పెంపకంలో ఖర్చు నూటికి 65 నుంచి 70 రూపాయలు మేతకే పోతుంది కాబట్టి, నాలాంటి వాడికి సోయా ధర అంటే బ్యాచ్ బతుకుతుందా లేదా అన్నట్టే.

ఆ రోజు చెల్లి ముందు కంచం పెడుతూ అమ్మ అంది: "మనిషికి ఇంత బలం ఇచ్చే పిండి కోడికి ఎందుకు పనికిరాదురా?" ఆ మాట నా మనసులో ఉన్నదే. మర్నాడు వెళ్లి నువ్వుల చెక్క పది క్వింటాళ్లు తెచ్చాను. నూటికి 30 కిలోలు పడే సోయాలో సగం తీసేసి, ఆ పదిహేను కిలోల చోట నువ్వుల చెక్క వేశాను. మిగతా దినుసులేవీ మార్చలేదు. పిల్లలకి అప్పటికి 12 రోజులు.

మొదటి వారం ఏమీ తెలియలేదు. మేత బాగానే తిన్నాయి. 20వ రోజు పొద్దున్న షెడ్డులోకి వెళ్తే ఎప్పుడూ కాళ్ల కిందికి పరిగెత్తుకొచ్చే పిల్లలు రాలేదు. తొట్టి దాకా వచ్చి, మోకాళ్ల మీద కూలబడి, కూర్చునే తింటున్నాయి. రెక్కల మీద ఈకలు పలచగా, చింపిరిగా ఉన్నాయి. డాక్టరుగారు వచ్చి చచ్చిన పిల్లని ఒకదాన్ని కోసి, కాలి ఎముక తీసి నా చేతికి ఇచ్చారు. "విరవండి" అన్నారు. ఆరోగ్యంగా ఉన్న కోడి ఎముక టక్కుమని విరుగుతుంది. ఇది విరగలేదు, పచ్చి పుల్లలా వంగింది. ఆ వంగడం ఇప్పటికీ నా వేళ్లకి గుర్తుంది.

41వ రోజు బరువు వేస్తే సగటు కిలోన్నర దాటి కాస్త. మామూలుగా రెండు కిలోల పైన వచ్చే షెడ్డు అది. కిలో బరువుకి 1.7 కిలోల మేత పట్టేది, ఆసారి 2.3 దాకా పోయింది. సోయా మీద మిగిల్చానని మురిసిపోయిన డబ్బుకి రెండింతలు అక్కడ పోయింది.

డాక్టరుగారు మేత సంచి చించి, దాని లోపలి కాగితం మీద లెక్క వేసి చూపించారు. "చెక్క మంచిదేనండి. మీరు దాన్ని సోయా అనుకున్నారు, అదొక్కటే తప్పు" అన్నారు.

ఆ లెక్కే ఇక్కడ రాస్తాను, ఎందుకంటే ఈ వ్యాసమంతా దాని మీదే నిలబడి ఉంది.

మనం చెక్క కొనేటప్పుడు అడిగేది ప్రోటీన్ ఎంత అని. సోయాలో 45 శాతం, నువ్వుల చెక్కలో 40 శాతం అనుకుందాం. సోయా కిలో 45 రూపాయలు, నువ్వుల చెక్క 34 రూపాయలు ఉన్నాయనుకుందాం. (ఈ ధరలు లెక్క కోసం వేసుకున్నవి. మీ ఊళ్లో ఈ వారం రేటు వేసుకుని చూడండి.) అప్పుడు కిలో ప్రోటీన్ సోయాలో వంద రూపాయలకి వస్తుంది, నువ్వుల చెక్కలో 85కే వస్తుంది. ఎవరికైనా చెక్కే చవక అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది. అయితే కోడికి కావల్సింది ప్రోటీన్ అనే ముద్ద కాదు. అందులో ఉండే అమైనో ఆమ్లాలు. బ్రాయిలర్ కండ పట్టడానికి వాటిలో లైసిన్ చాలా ముఖ్యం. కిలో సోయాలో లైసిన్ 28 గ్రాములు ఉంటే, కిలో నువ్వుల చెక్కలో పది గ్రాములే. గ్రాము లైసిన్ సోయాలో రూపాయి అరవై పైసలు, నువ్వుల చెక్కలో మూడు రూపాయల నలభై పైసలు. చవక అనుకున్న సరుకు రెండింతల ఖరీదు.

నేను నూటికి 15 కిలోలు మార్చాను కాబట్టి వంద కిలోల మేతలో 270 గ్రాముల లైసిన్ మాయమైంది. పిల్లలకి మొదట్లో పెట్టే స్టార్టర్ మేతలో కనీసం 1.2 శాతం ఉండాల్సింది 0.93కి దిగిపోయింది. దానికి తోడు నువ్వుల్లో ఫైటిక్ ఆమ్లం ఎక్కువ. అది జింకునీ కాల్షియాన్నీ పట్టుకుని పేగులో వదలదు. పొట్టు తీయని నువ్వుల చెక్క అయితే పొట్టులోని ఆక్సలేట్లు కూడా కాల్షియం మీద పడతాయి. మేతలో జింకు ఉంది, సున్నం ఉంది, పిల్ల ఒంటికి మాత్రం చేరలేదు. ఎముక వంగింది అందుకే. ఒకపూట కూరలో తెలగపిండి తినే బాలింతకి ఇది సమస్య కాదు, ఆమె అన్నం, పప్పు, పాలు, చేప అన్నీ తింటుంది. బ్రాయిలర్ పుట్టిన రోజు 42 గ్రాములు ఉండి ఆరు వారాల్లో దానికి యాభై రెట్లు పెరిగే జీవి. ఆ ఆరు వారాలూ ఒకే తొట్టి, ఒకే మేత. మేతలో లోపం ఉంటే దాన్ని పూడ్చుకునే దారి ఇంకొకటి లేదు దానికి.

మరి నువ్వుల చెక్క వద్దా? కావాలి. లెక్క ఇంకో అడుగు ముందుకి వేస్తే ఎందుకో తెలుస్తుంది. బజారులో లైసిన్ పొడి దొరుకుతుంది, అందులో 78 శాతం లైసినే. అది కిలో 180 రూపాయలనుకుంటే గ్రాము పావలా కూడా పడదు. నువ్వుల చెక్కలో తక్కువైన 18 గ్రాములు నింపడానికి నాలుగు రూపాయల చిల్లర చాలు. అప్పుడు 34 కాస్తా 38 అవుతుంది, సోయా 45 దగ్గరే ఉంటుంది. పైగా సోయాలో తక్కువగా ఉండే మెథియొనిన్ అనే ఇంకో అమైనో ఆమ్లం నువ్వుల చెక్కలో దాదాపు రెండింతలు ఉంటుంది, ఆ మేరకి మెథియొనిన్ పొడి ఖర్చు తగ్గుతుంది. ఫైటేజ్ ఎంజైము వేస్తే ఫైటిక్ ఆమ్లం పట్టు సడలుతుంది. జింకు కాస్త పెంచాలి. ఇవన్నీ చేసి, మూడో వారం దాటాక నూటికి ఐదారు కిలోల దాకా పెడితే మా షెడ్డులో బరువు తగ్గలేదు. 2022 నుంచి ఇప్పటిదాకా పెడుతూనే ఉన్నాను.

సోయా లేకపోతే కోడి లేదనేవాళ్లకి ఒక సంగతి చెప్పాలి. మా నాన్నగారి చిన్నప్పుడు కోడిమేతలో సోయా లేదు. వేరుశనగ చెక్క, ఎండుచేపల పొడి, తవుడు, నూకలు, ఇవే మేత. సోయా మన దేశంలో వాణిజ్య పంటగా నిలదొక్కుకున్నదే 1970ల తర్వాత. అంతకు ముందు 1960లలో పంత్‌నగర్, జబల్పూర్ వ్యవసాయ విశ్వవిద్యాలయాలు అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంతో కలిసి దాని మీద పనిచేశాయి. మధ్యప్రదేశ్‌లో అది విస్తరించాకే ఇందోర్ సోయా వ్యాపారానికి గుండెకాయ అయింది. ఇవాళ "సంప్రదాయ మేత" అని మనం పిలిచేది యాభై ఏళ్ల సంప్రదాయం. "సంప్రదాయేతర" అని పక్కన పెట్టిన చెక్కల్లో చాలా వాటి వయసు గానుగంత.

ఇంకో సంగతి. పచ్చి సోయా గింజ కోడికి పడదు. అందులో ట్రిప్సిన్‌ని పనిచేయనివ్వని పదార్థం ఉంటుంది, ప్రోటీన్ అరగదు, క్లోమం ఉబ్బుతుంది. 1917లో ఆస్బోర్న్, మెండెల్ అనే ఇద్దరు అమెరికా శాస్త్రవేత్తలు ఎలుకలకి పచ్చి సోయా పెడితే పెరగడం లేదనీ, ఉడికించి పెడితే పెరుగుతున్నాయనీ చూపించారు. ఆ తర్వాత దశాబ్దాల తరబడి ఎంత వేడి, ఎంతసేపు, ఎంత తడి అన్నది తేల్చారు. ఇవాళ ప్రతి సోయా ప్లాంటులో నూనె తీశాక చెక్కని ఆవిరితో వేయించే టోస్టర్ ఉంటుంది, సరిగ్గా వేగిందో లేదో చూడడానికి యూరియేజ్ పరీక్ష ఉంటుంది, ప్రోటీన్ ఇంత, తేమ ఇంత, ఇసుక ఇంతకి మించకూడదు అన్న షరతు మీదే లారీ దిగుతుంది. సోయా మంచి మేతగా పుట్టలేదు, వందేళ్ల చాకిరీతో మంచి మేత అయింది. మన గోదావరి చెక్కలకి ఆ చాకిరీలో పదో వంతు కూడా ఎవరూ చేయలేదు. నూనె తీశాక మిగిలిన చెత్తగా సంచికెత్తి అమ్మడమే జరుగుతోంది. నా అసలు ఫిర్యాదు ఇదే.

మన డెల్టాలో చెక్కలకి కొదవా? అంబాజీపేట చుట్టూ కొబ్బరి నూనె మిల్లులున్నాయి. ఏలూరు మెట్టలో పామాయిల్ తోటలున్నాయి, పెదవేగిలో 1995 నుంచి జాతీయ స్థాయి ఆయిల్‌పామ్ పరిశోధన కేంద్రం కూడా ఉంది. దాళ్వాకి (రెండో పంట వరికి) బదులు, లేదా సార్వా (మొదటి పంట) కోతలయ్యాక, మినుము పెసర చల్లే పొలాలున్నాయి, పప్పు మిల్లుల్లో మిగిలే పొట్టూ నూకా కలిసిన చూని ఉంది. వరి సంగతి చెప్పనే అక్కర్లేదు, తవుడూ నూకలూ ఎటు చూసినా కనిపిస్తాయి. అయితే వీటి కోసం కోడి ఒక్కటే లేదు. కొల్లేరు వైపు చేపల చెరువుల్లో కర్రలకి సంచులు వేలాడుతూ ఉంటాయి చూడండి, అడుగున చిల్లులు పొడిచి, లోపల నూనె తీసిన తవుడూ చెక్కా నింపి. చేపలు వచ్చి ఆ చిల్లుల దగ్గర పొడుచుకు తింటాయి. ఆ చెరువులే మన తవుడు రేటుని తేలుస్తాయి.

కొబ్బరి చెక్క గురించి కాస్త నిలబడి చెప్పాలి, ఎందుకంటే కోనసీమలో ఉంటూ దాన్ని వాడకపోతే నాకే బాధ. మంచి చెక్క చేతిలోకి తీసుకుంటే లేత గోధుమ రంగులో, వేయించిన కొబ్బరి వాసన వేస్తూ ఉంటుంది. నలిపితే వేళ్లకి కాస్త నూనె అంటుతుంది. ఒక గ్లాసులో నాలుగో వంతు చెక్క పోసి, పైదాకా నీళ్లు పోసి రాత్రి వదిలేయండి. తెల్లారేసరికి అది ఉబ్బి గ్లాసులో సగానికి పైగా వస్తుంది, పైన నీళ్లు పలచగా మిగులుతాయి. కోడి గొంతు సంచిలోనూ ఇదే జరుగుతుంది. కడుపు నిండిపోతుంది, ఒంటికి పట్టేది తక్కువ. ప్రోటీన్ 20, 21 శాతమే, లైసిన్ అందులోనూ తక్కువ, పీచు ఎక్కువ. ఆ పీచులో మానన్ అనే జిగురు పదార్థం ఉంటుంది, దాన్ని అరిగించే ఎంజైము కోడి పేగులో లేదు. బ్రాయిలర్ మేతలో పీచు ఐదు శాతం దాటితే మంచిది కాదంటారు, కొబ్బరి చెక్క ఒక్కటే దాన్ని గబగబా పైకి లాగేస్తుంది. కాబట్టి ఎక్కువ పెట్టలేం. నేను ఆఖరి రెండు వారాల్లో నూటికి మూడు నాలుగు కిలోలు, మానన్ అరిగించే ఎంజైముతో కలిపి పెడతాను. పెల్లెట్‌గా (గుళికల్లా) నొక్కి పెడితే ఇంకాస్త ఎక్కువ తినిపించవచ్చు, ఉబ్బు తగ్గుతుంది. నా దగ్గర పెల్లెట్ యంత్రం లేదు.

పామాయిల్ గింజ చెక్కకి ఇదే కథ, ఇంకాస్త ముదిరిన కథ. మానన్ ఎక్కువ, గట్టి పెంకు ముక్కలు చేతికి గుచ్చుకుంటాయి. గేదెలకి బాగుంటుంది. బ్రాయిలర్‌కి నేను పెట్టను.

పత్తి చెక్క సంగతి వేరు. అందులో గాసిపోల్ అనే విషపదార్థం ఉంటుంది. అది లైసిన్‌ని పట్టేస్తుంది, ఇనుముని పట్టేస్తుంది. మేతలో ఫెర్రస్ సల్ఫేట్ అనే ఇనుము లవణం వేస్తే గాసిపోల్ దానికి అతుక్కుని కొంత నిర్వీర్యమవుతుంది, అందుకే బ్రాయిలర్‌లో కొద్ది పాళ్లలో నెగ్గుకురావచ్చు. గుడ్ల కోడికి మాత్రం వద్దు. గుడ్డు నిల్వ ఉన్నాక పచ్చసొన గోధుమ కలిసిన ఆకుపచ్చ రంగుకి తిరుగుతుంది, తెల్లసొన గులాబీ రంగుకి మారుతుంది. తణుకు, అనపర్తి వైపు లేయర్ రైతులు దాన్ని దూరం పెట్టడంలో అర్థం ఉంది. రాజస్థాన్ నుంచి వచ్చే గోరుచిక్కుడు కొర్మా (గింజ నుంచి జిగురు తీశాక మిగిలేది) ప్రోటీన్‌లో సోయాని మించుతుంది, అయితే మిగిలిపోయిన జిగురు వల్ల రెట్ట అంటుకుని లిట్టర్ (కోళ్ల కింద పరిచే పొట్టు) తడిసిపోతుంది. బాగా వేయించిన సరుకు అయితేనే కొనాలి. ఈమధ్య ఇథనాల్ ప్లాంట్ల నుంచి వచ్చే డీడీజీఎస్ అనే ఎండు పిప్పి కూడా మేతల్లోకి దిగింది. దాని గురించి నా అనుభవం చిన్నది, ఇక్కడితో వదిలేస్తాను.

వేరుశనగ చెక్క గురించి మాత్రం గొంతు చించుకుని చెప్పాలని ఉంటుంది. 1960లో ఇంగ్లండులో లక్షకి పైగా టర్కీ కోళ్లు ఉన్నట్టుండి చచ్చిపోయాయి. కారణం తెలియక టర్కీ ఎక్స్ వ్యాధి అన్నారు. చివరికి తేలింది ఏమిటంటే బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ చెక్కలో బూజు. ఆ బూజు పేరు ఆస్పర్‌జిల్లస్ ఫ్లావస్, దాని నుంచే అఫ్లటాక్సిన్ అన్న మాట పుట్టింది. మన డెల్టా గాలి ఎలాంటిదో మీకు తెలుసు. శ్రావణ భాద్రపదాల్లో గోడకి ఆనించిన సంచి నాలుగు రోజుల్లో లోపల వేడెక్కుతుంది. నా షెడ్డులో ఒకసారి అలాంటి సంచి పైన పొడిగానే ఉంది, చెయ్యి మోచేతి దాకా దూర్చితే మధ్యలో గోరువెచ్చగా ఉండి గడ్డలు తగిలాయి. అప్పటికే సగం పెట్టేశాను. ఆ బ్యాచ్‌లో చచ్చిన కోడిని కోస్తే కాలేయం ఎర్రగా ఉండాల్సింది పాలిపోయి పసుపు రంగులో, ఉబ్బి ఉంది. మేతలో ఈ విషానికి హద్దు కిలోకి 20 మైక్రోగ్రాములు. అంటే టన్ను మేతలో 20 మిల్లీగ్రాములు. ఇది కంటికి కనిపించేది కాదు, ముక్కుకి తెలిసేది కాదు. బూజు వాసన పోయేదాకా ఎండబెట్టినా విషం పోదు. ఎండు కొబ్బరి సరిగ్గా ఆరకపోతే కొబ్బరి చెక్కకీ ఇదే గతి.

ఇక అసలు పెట్టకూడనివి. "సహజమైనదే కదా, గింజే కదా, ఏమవుతుంది" అనేవాళ్లు నా చుట్టూ చాలామంది ఉన్నారు, వాళ్లంటే నాకు గౌరవమే కానీ ఈ విషయంలో వాళ్లు ప్రమాదకరంగా పొరబడుతున్నారు. ఆముదం చెక్కలో రిసిన్ ఉంటుంది, తెలిసిన విషాల్లో మహా ఘోరమైనవాటిలో అదొకటి. కానుగ చెక్క చేదు, అందులోని కరంజిన్ వల్ల కోడి మేత మానేస్తుంది, పెరుగుదల ఆగిపోతుంది. అవి పొలానికి ఎరువుగా వెళ్లాలి. పచ్చిరొట్ట కోసం మనం చల్లే జనుము, జీలుగ గింజలు ఎక్కువైపోతే కోళ్లకి పోద్దామనే ఆలోచన చాలా ఇళ్లలో వస్తుంది. జనుము జాతి గింజల్లో కాలేయాన్ని దెబ్బతీసే ఆల్కలాయిడ్లు ఉంటాయి, జీలుగ గింజ కూడా కోడిపిల్లకి పడదు. వద్దు.

ఇప్ప చెక్క ఇంకా దగ్గరి ప్రమాదం. రొయ్యల చెరువులో పిల్ల వదిలే ముందు, అక్కర్లేని చేపల్ని చంపడానికి దాన్ని నీళ్లలో కలుపుతారు. అందులోని సాపోనిన్ చేప రక్తకణాల్ని పగలగొడుతుంది, రొయ్యకి అంతగా ఏమీ కాదు. మన డెల్టాలో ఇప్ప చెక్క, వేరుశనగ చెక్క, నువ్వుల చెక్క ఒకే దుకాణంలో, ఒకే కప్పు కింద, ఒకే రంగు ప్లాస్టిక్ సంచుల్లో ఉంటాయి. సంచి మీద అచ్చు ఉండదు. ఉంటే వెనకటి పంచదార కంపెనీదో, ఎరువుల కంపెనీదో ఉంటుంది. ఒకసారి నేను నువ్వుల చెక్కని అడిగితే కుర్రాడు వేసిన నాలుగు సంచుల్లో ఒకటి ముదురు గోధుమ రంగులో, నోట్లో వేసుకుంటే నాలుక మీద చేదుగా నురగ తేలేలా ఉంది. ఇప్ప చెక్కే. షాపు ఆయన్ని అడిగితే "ఆయ్, కుర్రోడు పొరపాటున వేశాడండి, మార్చి ఇచ్చేస్తాను" అన్నారు. మార్చి ఇచ్చారు కూడా. ఆయన మీద నాకు కోపం లేదు. చేపని చంపే సరుకుకీ కోడిని పెంచే సరుకుకీ తేడా ఒక కుర్రాడి జ్ఞాపకం మీద ఆధారపడి ఉండడం మీద ఉంది నా కోపం.

ఎరువు బస్తా మీద నత్రజని ఇంత, భాస్వరం ఇంత అని రాసి ఉంటుంది. విత్తనాల సంచికి మొలక శాతం చీటీ కట్టి ఉంటుంది. ప్యాక్ చేసిన కోడిమేత సంచి మీద కూడా ప్రోటీన్, పీచు అంకెలుంటాయి. మేతకి అసలు ముడిసరుకైన చెక్క సంచి మీద మాత్రం ఏమీ ఉండదు. ఎక్స్‌పెల్లర్ చెక్కలో నూనె ఒక మిల్లులో ఆరు శాతం, ఇంకో మిల్లులో పన్నెండు. పొట్టు తీసిన గింజా, తీయని గింజా ఒకే పేరుతో వస్తాయి. అందుకే "నువ్వుల చెక్క ఎంత శాతం పెట్టవచ్చు" అని నన్ను ఎవరైనా అడిగితే ఎదురు ప్రశ్న వేస్తాను: ఏ మిల్లుది, ఏ నెలది, పొట్టు ఉందా, నూనె ఎంత, చూపించిన కాగితం ఏది? పుస్తకంలోని శాతాలు పుస్తకంలోని చెక్కకి పనికొస్తాయి. మన సంచిలో ఉన్నది ఆ చెక్కో కాదో ముందు తెలియాలి. చెక్కకి చీటీ కావాలి. ప్రోటీన్, నూనె, పీచు, తేమ, ఇసుక, అఫ్లటాక్సిన్. ఆరు అంకెలు.

"ఇంత గొడవ ఎందుకు, కంపెనీ మేత కొనుక్కో, లేదా ఇంటిగ్రేషన్‌లో చేరిపో" అని మా బాబాయి అంటాడు. ఆయన షెడ్డు ఇంటిగ్రేషన్‌లోనే ఉంది, ఆయనకి సోయా ధరతో పని లేదు, రాత్రి నిద్రపడుతుంది. ఆ మాటకి విలువ ఉంది. 2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరులోనూ పెరవలి మండలం కానూరు అగ్రహారంలోనూ బర్డ్ ఫ్లూ బయటపడి చికెన్ కొనేవాళ్లు లేనప్పుడు, బాబాయికి తగిలిన దెబ్బ కంటే నాకు తగిలింది పెద్దది. అయినా నేను చేరలేదు. ఏ మేత పెడుతున్నానో, అందులో ఏముందో తెలుసుకునే హక్కు ఒకసారి వదులుకుంటే మళ్లీ తిరిగి రాదని నా భయం. పైగా సోయా మళ్లీ ఒక ఆగస్టులో ఎగిరిపోతే, అప్పుడు కూడా ఎవరో ఒకరు మేత ధర కట్టాల్సిందే. ఇంటిగ్రేషన్‌లో అది కూలీ రేటులో తెలుస్తుంది.

"చిన్న రైతు పరీక్షలు చేయించగలడా?" ఇది ఇంకా బలమైన ప్రశ్న. ఒక్కడిగా అయితే చేయించలేడు, నేనూ చేయించలేకపోయాను. పది క్వింటాళ్లు కొనేవాడు ప్రతిసారీ పరీక్షకి వేలు పోస్తే మిగిలేది ఏమీ ఉండదు. అందుకే మా చుట్టుపక్కల మేత సొంతంగా కలుపుకునే ఐదుగురం కలిశాం. ఒకే నూనె మిల్లు, ఒకే వారం ఆడిన గింజ, ఐదుగురికి కలిపి ఒకే లాట్. మిల్లు ఆయన మొదట ఒప్పుకోలేదు. "చెక్కకి లెక్కలేంటండి, నూనె నా వ్యాపారం" అన్నారు. ఐదుగురం కలిసి ఆరు నెలల సరుకు తీసుకుంటామన్నాక ఒప్పుకున్నారు. ప్రతి లాట్‌లో పది సంచుల నుంచి గొట్టంతో కొంచెం కొంచెం తీసి, కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు రెండు ఉంచి, మళ్లీ కలిపి, అరకిలో మిగిలేదాకా అలా తగ్గిస్తాం. సగం పరీక్షకి పోతుంది, సగం గాజు సీసాలో తేదీ రాసి మా అటక మీద ఉంటుంది. కోళ్లకి ఏదైనా అయితే వెనక్కి వెళ్లి చూసుకోవడానికి. ప్రోటీన్ అంకె ఒక్కటే నమ్మడం మానేశాం కూడా. ప్రోటీన్‌ని నత్రజని కొలిచి లెక్కగడతారు కాబట్టి, యూరియా కలిపిన చెక్క కాగితం మీద మంచి చెక్కలా కనిపిస్తుంది.

పెద్ద మేత మిల్లుల్లో ఎన్ఐఆర్ యంత్రం ఉంటుంది, గుప్పెడు పిండి పెడితే నిమిషాల్లో అంకెలు చెప్పేస్తుంది. అలాంటి యంత్రం కోనసీమలో ఒకటి, భీమవరం వైపు ఒకటి ప్రభుత్వ పశుసంవర్ధక శాఖ పెట్టి, సంచికి ఇంత అని రుసుము తీసుకున్నా కడతాం. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ, గన్నవరం పశువైద్య కళాశాల లాంటి చోట్ల చెక్కల గురించి తెలిసినవాళ్లు ఉన్నారు. వాళ్లు తేల్చిన శాతాలు మా మిక్సర్ దాకా రావాలంటే, మా సంచిలో ఏముందో మాకు తెలిసే యంత్రం మా దగ్గర ఉండాలి. మిల్లుల్ని కూడా అడుగుతున్నాను: నూనె అమ్మినంత శ్రద్ధగా చెక్కని అమ్మండి. పొట్టు తీసి ఆడండి, నేల మీద కాకుండా చెక్కబల్లల మీద నిల్వ పెట్టండి, తేమ పది శాతం దాటిన సరుకుని వానాకాలంలో బయటికి పంపకండి. దానికి కిలోకి రెండు రూపాయలు ఎక్కువ ఇవ్వడానికి మేం సిద్ధం. పోయినసారి ఇచ్చాం కూడా.

ప్రస్తుతం షెడ్డులో ఉన్న పిల్లలకి ఇవాళ్టికి 17 రోజులు. వాటి మేతలో ఇంకా నువ్వుల చెక్క పడలేదు. ఈ లాట్ శాంపిల్ సోమవారం బస్సులో వెళ్లింది, అఫ్లటాక్సిన్ అంకె ఇంకా రాలేదు. అది 20 లోపు వస్తే 22వ రోజు నుంచి నూటికి నాలుగు కిలోలతో మొదలుపెడతాను, రెండో షెడ్డుకి మాత్రమే. మొదటి షెడ్డు సోయా మీదే ఉంటుంది. వారానికోసారి రెండు షెడ్లలోనూ యాభై పిల్లల్ని పట్టి బరువు వేసి, పలక మీద పక్కపక్కనే రాస్తాను. 41వ రోజు అంకెలు, మేత ఖర్చుతో సహా, ఇక్కడే పెడతాను.